ట్విస్ట్ ముందే తెలిసిపోతే థ్రిల్లర్ ఫెయిలైనట్టేనా?

నిద్రలేని పాఠకురాలు
ఫ్రీడా మెక్‌ఫాడెన్ రాసిన ‘ది హౌస్‌మెయిడ్’ (2022) నిన్న రాత్రి పదింటికి మొదలుపెట్టా, మూడింటికి అయిపోయింది. స్పాయిలర్లున్నాయి, చదవనివాళ్లు ఇక్కడే ఆగండి. జైలు నుంచి వచ్చిన మిల్లీ డబ్బున్నోళ్లింట్లో పనికి కుదురుతుంది, అటక మీద గది ఇస్తారు, దాని తాళం బయటివైపు నుంచే పడుతుంది. ఇంటావిడ నీనా ఒక మాట చెప్పి మళ్లీ నేనలా అనలేదంటుంది, మొగుడు ఆండ్రూ మాత్రం దేవుడిలా ఉంటాడు. అంత మంచోడంటే నాకు అక్కడే డౌటొచ్చింది, అదే నిజమైంది కూడా. అయినా కింద పెట్టలేకపోయా. నా దృష్టిలో మంచి థ్రిల్లరే, మీరేమంటారు?

వెంకట్_బెజవాడ
నేను ఒప్పుకోనండి. అధ్యాయాలు చిన్న చిన్నవి, ప్రతిదాని చివరా ఒక కొక్కెం, అందుకే పేజీలు తిరిగిపోతాయి, దాన్ని గొప్పదనం అనలేం. రెండో భాగంలో నీనా వచ్చి మొత్తం మొదట్నుంచీ చెప్తుంది కదా, ముందే పట్టేసినోడికి అదంతా చూసిన సినిమా మళ్లీ చూసినట్టే.

సీరియల్ రోజుల మనిషి
మా ఇంట్లో వీక్లీ వస్తే మొదట సీరియల్ పేజీకే పోయేవాళ్లం. వారమంతా మా అమ్మా పక్కింటి పిన్నీ హంతకుడు ఎవరో వాదించుకునేవాళ్లు, అమ్మ చెప్పిందే నిజమైతే ఆ రోజు ఆవిడ ముఖం వెలిగిపోయేది. ముందే తెలిసిందని కథ మీద కోప్పడ్డం నేనెప్పుడూ చూడలేదు.

నిద్రలేని పాఠకురాలు
వెంకట్ గారూ, నన్ను నిలబెట్టింది ఆ రెండో భాగమేనండి. జుట్టుకి రంగు వేసుకోవడం ఆలస్యమైందని నీనాని ఆండ్రూ ఆ గదిలో పెట్టి తాళం వేసి, కుదుళ్లతో సహా వంద వెంట్రుకలు పీకి ఇస్తేనే తలుపు తీస్తానంటాడు. ఆవిడ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పీక్కుంటుంది. వాడు చెడ్డోడని నాకు ముందే తెలుసు, కానీ చెడ్డతనం ఇంత నెమ్మదిగా, ఇంత శుభ్రంగా ఉంటుందని తెలీదు, చదువుతుంటే నా చెయ్యి నా తల మీదకే పోయింది. పైగా ఆవిడకి పిచ్చి అని ఊరంతా నమ్మేసింది, ఎవరికి చెప్పుకుంటుంది? ఎవరు అన్నది దొరికిపోయినా, ఒక మనిషిని ఎలా నమ్మకానికి పనికిరాకుండా చేస్తారు అన్నది చదివితేనే తెలుస్తుంది. సైకలాజికల్ అనేది అందుకే కదా.

వెంకట్_బెజవాడ
ఆ సీన్ బాగుంది, కాదనను. మిల్లీ గతం తెలిసే నీనా ఏరికోరి పనిలో పెట్టుకుందన్నది కూడా నేను ఊహించలేదు, నిజం చెప్పాలి. కానీ ఆండ్రూ అలా ఎందుకు తయారయ్యాడన్నది చివర్లో వాళ్లమ్మతో రెండు మాటలనిపించి ముగించేశారు, అక్కడ ఇంకో ఇరవై పేజీలు కావాలి నాకు. పరుగు కోసం దాన్నే కోసేశారు.

నిద్రలేని పాఠకురాలు
అది మాత్రం ఒప్పుకుంటా. చిన్నప్పుడు ఆండ్రూ పన్ను వాళ్లమ్మే పీకేసిందన్న విషయం చదివాక నేను కూడా వెనక్కి తిప్పి ఇంకేమైనా రాశారేమో అని వెతికా.