అప్‌డేట్: తెల్ల చొక్కా మీద ముద్దపప్పు, ఆవకాయ మరక

గుంటూరు బ్రాడీపేటలో ఒక మెస్సులో భోంచేస్తుండగా పక్కాయన మోచేయి తగిలి, ముద్దపప్పులో ఆవకాయ, నెయ్యి కలిపిన ముద్ద నా తెల్ల చొక్కా జేబు మీద పడిందనీ, మరక పోయే దారి చెప్పమనీ మొన్న అడిగాను కదా. ఇంతమంది సలహాలిచ్చాక ఏమైందో చెప్పకపోతే ఎలా?

ముందు సుద్దపొడి చల్లితే నూనె చాలావరకు పీల్చుకుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో మిగతా జిడ్డూ వదిలింది. అసలు కథ ఆ తరువాతే. బట్టల సబ్బు రుద్దగానే పసుపుపచ్చ మరక కాస్తా ఎర్రగా మారింది! నా ప్రాణం గుటుక్కుమంది. మా అత్తయ్య మాత్రం నవ్వేసింది. ‘‘పసుపులో సున్నం కలిపితే పారాణి అవ్వదూ? సబ్బులోనూ క్షారమే ఉంటుందిరా’’ అంది. నిమ్మచెక్క పిండితే నిజంగానే మళ్లీ పచ్చబడింది.

ఇక మిగిలింది ఎండ. పసుపు రంగు ఎక్కువసేపు వెలుతురుకు ఆగదు. గుంటూరులో ఎండకు కరువా? తడిపి డాబా మీద ఆరేస్తే సాయంత్రానికి వెలిసిపోయింది. ఆవకాయ కారం ఎరుపు మాత్రం జేబు కుట్టు దగ్గర సన్నని గీతలా మిగిలింది. పెన్ను పెట్టుకుంటే కనబడదు.

పక్కాయనను నాలుగు దులపాల్సిందన్నవారికి ఒక మాట: ఆయన తన గడ్డపెరుగు గిన్నె నా వైపు జరిపాడు. పెరుగు బాగుంది.