అప్‌డేట్: ఆన్‌లైన్ అమ్మకాలు మొదలయ్యాక షాపులో ఎవరి పని ఎవరిది?

మంగళగిరిలో మా చీరల షాపుకి సొంత వెబ్‌సైట్ పెట్టాక, ఆ పనికి విడిగా టీమ్ పెట్టాలా అని ఆర్నెల్ల క్రితం అడిగాను. విడిగానే పెట్టాం, అదే పొరపాటు. కౌంటర్‌లో అమ్మేసిన నిజాం అంచు చీరకే వెబ్‌సైట్‌లోనూ ఆర్డర్ వచ్చేది. చేనేతలో ఒక్కో రంగుకి ఒకటి రెండు చీరలే ఉంటాయి కదా! రోజూ టెన్షన్.

మీలో కొందరు చెప్పినట్టు స్టాక్ అంతా ఒకే లెక్కలోకి తెచ్చి మా వదినకి అప్పగించాం. ఫిర్యాదులకీ ఒకరిని పెట్టాం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

కష్టమైంది నాన్నగారిని ఒప్పించడమే. ఇన్నేళ్లూ ధర అంటే ఆయన మాటే. వెబ్‌సైట్‌లో ఒక ధర, షాపులో బేరం కుదరదని ఒప్పుకోడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు నేతన్నలతో మాట్లాడి కొత్త రంగులు నేయించడం పూర్తిగా ఆయనదే.