ఏడో తరగతి సైన్సు: ఇంగ్లీషు చదవలేని పిల్లలను పాఠంలోకి ఎట్లా తేవాలి?

ప్రశ్న (మహబూబాబాద్ వైపు, సైన్సు టీచర్)
క్లాసులో 36 మంది. సగం మంది తండాల నుంచి వస్తరు, ఇంట్లో లంబాడీయే. 11 మంది ఇంగ్లీషులో మూడక్షరాల మాట కూడా చదవలేరు. తెలుగులో చెప్తే అర్థమైతది. నోట్సు మాత్రం బోర్డు చూసి బొమ్మ గీసినట్టు దించుకుంటరు, పరీక్షలో ఖాళీ పేపరు. 45 నిమిషాల పీరియడ్‌లో సిలబస్ ఆగకుండా ఏం చేయొచ్చు? ఇంగ్లీషు మాటల పైన తెలుగు అక్షరాల్లో రాయించమని కొందరంటున్నరు. మంచిదేనా?

జవాబు 1 (హనుమకొండ, ఇంగ్లీషు)
చివరి ప్రశ్న ముందు. వద్దు మేడం. 'ఎవాపరేషన్' అని పైన తెలుగులో కనిపిస్తే పిల్లవాడి కన్ను కిందికి దిగదు. ఏడాదంతా తెలుగే చదువుతడు. అర్థం తెలుగులో రాయించండి, ఉచ్చారణ కాదు.

ఆ 11 మంది ఎక్కడ ఆగిపోయారో ముందు తేల్చాలి. ఒక్కొక్కరిని పిలిచి రెండు నిమిషాలు: పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాలు. పల్లె పిల్లల చదువును ఇంటింటా చూసే అసర్ సర్వేలో ఇంగ్లీషు మెట్లు ఇవే. చాలామంది అక్షరం పేరు చెప్తరు, శబ్దం చెప్పలేరు. సి, ఏ, టి కలిపితే 'సియేటి' అవుతది గానీ 'క్యాట్' ఎట్లయితది? తెలుగులో అక్షరం పేరే దాని పలుకు, ఇంగ్లీషూ అట్లనే అనుకుంటరు. కాబట్టి వాళ్లకు తెలిసిన పొల్లుతోనే మొదలుపెట్టండి: స్, ట్, ప్, న్. మధ్యలో ఒక్క 'ఏ' అక్షరమే. ఈ ఐదింటితోనే ట్యాప్, ప్యాన్, ప్యాట్, స్యాట్ వస్తయి. 'సి' అక్షరం ఇప్పుడే వద్దు, అది ఒకచోట క్, ఒకచోట స్ పలుకుతది. రోజుకు 8 నిమిషాలు, ప్రార్థనకు ముందు. సైన్సు పీరియడ్ దీనికి వాడొద్దు.

జవాబు 2 (ములుగు, సైన్సు)
పీరియడ్ సంగతి నేను చెప్తా. పాఠానికి ఆరు మాటలే ఎంచుకోండి. ఆవిరి పాఠమైతే హీట్, లిక్విడ్, వేపర్, ఎవాపరేట్, కండెన్స్, డ్రాప్. ఇరవై మాటలు ఎక్కిస్తే ఒక్కటీ నిలవదు.

మొదటి పది నిమిషాలు పుస్తకం తెరవొద్దు. రెండు స్టీలు పళ్లేల్లో రెండేసి చెంచాల నీళ్లు పోసి ఒకటి ఎండలో, ఒకటి బెంచి కింద పెట్టండి. కల్లంలో మిర్చి కుప్పగా పోయకుండా పలుచగా ఎందుకు పరుస్తరని అడగండి. తండా పిల్లలు నోరు విప్పేది ఇక్కడనే. లంబాడీలో చెప్పినా చెప్పనివ్వండి, పక్క పిల్ల తెలుగులోకి మారుస్తది. అడిగినంక కనీసం 3 సెకన్లు ఆగాలి. టీచర్లు ఒక సెకను మించి ఆగడం లేదని, 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని అమెరికా సైన్సు బోధన పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. రెండు భాషలు దాటి వచ్చే పిల్లకు అంతకన్నా ఎక్కువే పడుతది.

తర్వాత వాక్యం. తెలుగులో, లంబాడీలో క్రియ చివర ఉంటది కాబట్టి 'సన్ వాటర్ హీట్స్' అంటరు. మూడు మాటలు మూడు అట్టముక్కల మీద రాసి ముగ్గురి చేతికిచ్చి తెలుగు వరుసలో నిలబెట్టండి. 'హీట్స్' పట్టుకున్న పిల్ల నడిచొచ్చి మధ్యలో నిలబడాలి. అట్ల కండ్లారా చూస్తే వరుస గుర్తుంటది. అప్పుడు బోర్డు మీద ఖాళీల వాక్యం: 'వెన్ ____ ఈజ్ హీటెడ్, ఇట్ ____.' ముందు నోటితో, తర్వాతే రాత.

అందరితో ఒకేసారి చదివిస్తే గుంపులో గోవిందా, రానివాడు పెదవులు కదిపి తప్పించుకుంటడు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఫస్టొచ్చే పిల్లతో జత కట్టొద్దు, ఆమే జవాబు చెప్పేస్తది. మధ్యరకం పిల్లలే నయం.

ప్రశ్న అడిగినవారు
చాలా ఉపయోగం సార్. మరి స్లిప్ టెస్ట్ (చిన్న రాత పరీక్ష) సంగతి?

జవాబు 3 (జనగామ)
ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో జరిగే మదింపు) 20 మార్కుల్లో స్లిప్ టెస్ట్ ఒక భాగమే, అందుకే దాన్ని మార్చుకోవడం తేలిక. ప్రశ్న రెండు భాషల్లో ఇవ్వండి. 2022-23 నుంచి ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలే వస్తున్నయి, అందులోంచే తీసుకోవచ్చు. పేపరు పైన గడిలో ఆ ఆరు మాటలు రాసిపెట్టండి. బొమ్మ గీసి ఇంగ్లీషులో పేర్లు పెడితే మార్కులివ్వండి. స్పెల్లింగులో ఒక అక్షరం పోతే సైన్సు తప్పుగా కొట్టొద్దు, పైన సరిచేసి వదిలేయండి. గడి మాత్రం ఎల్లకాలం ఉండొద్దు. మొదటి నెల ఆరు మాటలు, రెండో నెల మూడు, తర్వాత తీసేయాలి. తీయకపోతే పిల్లలు దాని మీదనే ఆనుకుంటరు.

ఇంకొకటి. బోర్డు చూసి తప్పుగా దించుకునే పిల్లలను ఒక వారం ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడండి. అక్కడ సరిగ్గా రాస్తే అది చదువు లోపం కాదు, కంటి పరీక్ష చేయించాలి.