వాంతి కవరా, వమన సంచా?

సమూహ సభ్యులకు నమస్కారం. విమానంలో ముందు సీటు జేబులో మడిచిపెట్టే కాగితపు సంచిని తెలుగులో ఏమనాలని ఒక సోదరి అడిగిన ప్రశ్నకు ‘వమన సంచి’, ‘వాంతి సంచి’, ‘డోకు తిత్తి’ అని మూడు సూచనలు వచ్చాయి. నల్లగొండ, పాలమూరు వైపు జనం మాట్లాడే తీరును బట్టి చూస్తే ‘వాంతి కవరు’ అన్నదే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా వస్తువు సంగతి. తడి బయటికి రాకుండా లోపల ప్లాస్టిక్ పూత ఉన్న సంచిని 1949లో గిల్మోర్ షెల్డాల్ అనే అమెరికా వాసి నార్త్‌వెస్ట్ ఓరియెంట్ ఎయిర్‌లైన్స్ కోసం తయారుచేశాడు. ఆ తరువాత ప్రతి సంస్థా తన గుర్తును, తన రంగులను దానిమీద అచ్చువేసుకున్నది. కెమెరా రీలును కడగడానికి పంపుకొనే కవరుగా కూడా పనికివచ్చేటట్టు కొందరు దాన్ని అచ్చువేయించారు. ఇప్పుడు ఆ రీలూ లేదు, ఆ అచ్చూ లేదు. వాతావరణపు అలజడికి పైన ఎగిరే జెట్ విమానాలు వచ్చాక కుదుపులు తగ్గి, సంచి అవసరమూ తగ్గింది. చాలా విమానాల్లో ఇప్పుడు కనిపించేది పేరూ బొమ్మా లేని తెల్ల సంచి మాత్రమే. అందుకే పాతవాటిని వాడకుండా, మడత నలగకుండా దాచే సేకర్తలున్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన నీక్ వెర్మ్యూలెన్ 1,191 విమాన సంస్థలకు చెందిన 6,290 సంచులు కూడబెట్టి 2012లో గిన్నిస్ రికార్డు పొందాడు. మూతపడిన సంస్థ గుర్తు ఎక్కడో ఒక సేకర్త పెట్టెలోని సంచిమీద చెక్కుచెదరకుండా మిగిలి ఉండడం నాకు చాలా విలువైన విషయంగా తోస్తుంది.

ఇక మాట సంగతి. మన వైపు ప్రయాణపు వికారాన్ని చెప్పే అసలైన మాట నామవాచకం కాదు, క్రియ. ‘నాకు బస్సు పడదు’ అంటారు. లోపలి చెవి కదలికను పసిగడుతుండగా కన్ను సీటునో పుస్తకాన్నో చూస్తూ కదలిక లేదని చెప్పడం వల్ల మెదడుకు పొత్తు కుదరక ఈ వికారం పుడుతుందని వైద్యులు అంటారు; ‘పడదు’ అన్న ఒక్క మాటలో ఆ పొత్తు కుదరకపోవడమే ఉన్నది. వంకాయ పడదు, ఆ మందు పడలేదు, తోడికోడళ్లకు పడదు అన్నప్పుడు తప్పు ఒక పక్షానిది అని తేల్చనట్టే, ఇక్కడ కూడా తప్పు బస్సుదీ కాదు, మనిషిదీ కాదు. కరువు సీమలో ‘నీళ్లు పడలేదు’ అంటే బోరు ఎండిందనీ అర్థమే, కొత్త ఊరి నీళ్లు ఒంటికి సరిపడలేదనీ అర్థమే; వినేవారు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు.

వికారం ముదిరిన తరువాతి మాటల్లో ఎంతో మర్యాద దాగి ఉన్నది. ‘కక్కు’ అచ్చ తెలుగు క్రియే అయినా విషం కక్కడం, తిన్న సొమ్ము కక్కించడం వంటి వాడుకల వల్ల దానికి కరకుదనం అంటుకున్నది. కాబట్టి పెద్దవారి గురించి ‘అవ్వకు వాంతి అయింది’ అంటారు గాని ‘అవ్వ కక్కింది’ అనడానికి జంకుతారు. ‘అయింది’ అన్నప్పుడు చేసినవారు ఉండరు, జరిగినదే ఉంటుంది. ‘వెలపరం’ అనే చక్కని పాతమాట నిఘంటువులో ఉన్నది గాని బస్సులో ఎవరి నోటా వినబడదు. ‘వమనం’ ఆయుర్వేదంలో ఒక చికిత్స పేరు, కావాలని చేయించేది. ‘వమన సంచి’ని నేను ఒప్పుకోకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

శ్రీశైలం పోయే బస్సు మన్ననూరు దాటి అడవిలో ప్రవేశించి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా పాతాళగంగ వైపు మలుపులు దిగేటప్పుడు ఈ పదజాలమంతా ఒక్కచోట వినవచ్చు. కిటికీ పక్కన కూర్చున్న అవ్వ నిమ్మకాయను గోటితో గీరి, ఆ వాసనను ముక్కు దగ్గర పట్టుకొని కండ్లు మూసుకుంటుంది. పక్కనున్న కోడలు వెనక్కి తిరిగి ‘అక్కా, కవరున్నదా?’ అని మాత్రమే అడుగుతుంది. ఎందుకని ఎవరూ అడగరు. ఎవరో ఒకరు పండ్లు తెచ్చుకున్న కవరును ఖాళీ చేసి చేతికి అందిస్తారు. విమాన సంస్థలు కూడా వాంతి అన్న మాటను తప్పించడానికి ‘కదలిక వల్ల కలిగే అసౌకర్యం’ అన్న అర్థం వచ్చే మాటలు సంచిమీద అచ్చువేశాయి. మన కోడలు ఆ పనిని ఇంకా పొదుపుగా చేసింది.

‘సంచి’ ఎందుకు వద్దంటున్నానంటే, మన వాడుకలో సంచి నిలిచేది, మళ్లీ మళ్లీ నింపేది: బియ్యం సంచి, చేతి సంచి. ఒకసారి వాడి పారేసేది కవరు. ‘కాగితంతో చేసినదాన్ని కవరు అంటారా’ అన్న అభ్యంతరానికి జవాబు సులభం. పాలిథిన్ రాకముందు కవరు అంటే తపాలా కవరే, అది కాగితమే. మాట మళ్లీ తన పాత పదార్థానికే చేరుతుంది. అయితే సేకర్తల దగ్గరున్నది పారేయనిది కాబట్టి, దానికి మాత్రం ‘విమాన కవరు’ అనవచ్చునేమో సభ్యులు ఆలోచించాలి. తపాలా బిళ్లల సేకర్తలు విమానంలో వచ్చిన ఉత్తరాలకు ఆ పేరు వాడుతుంటే చిక్కు వస్తుంది.

అచ్చంపేట, దేవరకొండ, కొడంగల్ వైపు సభ్యులు తమ ఇళ్లలో పెద్దలు దీన్ని ఏమంటారో, ‘పడదు’కు బదులు మరే క్రియనైనా వాడుతారో, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను. కన్నడ సరిహద్దున ఉన్న మక్తల్, నారాయణపేట వారి మాట నాకు మరీ ముఖ్యంగా కావాలి.