‘నాలుగునైదు నంజులున్’: నంజులంటే మాంసమా?

ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం గురించి క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఉన్న పద్యం ఇది:

కప్పురభోగి వంటకము కమ్మని గోధుమపిండివంటయున్
గుప్పెడు పంచదారయును గ్రొత్తగ గాచిన యాలనే పెస
ర్బప్పును గొమ్మునల్లనటిపండ్లును నాలుగునైదు నంజులున్
లప్పలతోడ గ్రొంబెరుగు లక్ష్మణవజ్ఝలయింట రూకకున్

మా వైపు నంజుడంటే మాంసమే. ఇక్కడా అంతేనా? పెద్దలు చెప్పగలరు.

*

కాదండీ. నంజుడుకి మాంసం అనే అర్థం పాతదే, కానీ ఇవి నంజులు, అంటే నంజుకునేవి. పెరుగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుంటాం చూడండి, అదే మాట. పైగా లక్ష్మణవజ్ఝలవారిది బ్రాహ్మణుల ఇల్లు. పద్యంలో ఉన్నదంతా శాకాహారమే: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు. అనటి అంటే అరటే.

నాకు ప్రాణం ‘నాలుగునైదు’ దగ్గర ఉంది. లెక్కపెట్టి చెప్పిన మాట కాదది, ‘ఓ నాలుగైదు రకాలుంటాయి’ అని ఇప్పటికీ మనం అనే తీరే. లప్పలూ అంతే. గరిటెతో తీస్తే ముద్దలుగా పడే గడ్డపెరుగు కళ్ళకు కడుతుంది. వడ్డన మొత్తం నోరూరేలా చెప్పుకొచ్చి, ధర మాత్రం చివరి మాటలో పెట్టాడు: రూకకున్! ఇన్నీ కలిపి ఒక్క రూక, అంటే ఆనాటి ఒక నాణెం. ఉత్పలమాలలో ఇంత మామూలు మాట ఇంత హాయిగా ఒదగడం అరుదు.

ఈ పద్యాన్ని విడిగా కాకుండా కథలో పెట్టి చదవండి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. మధ్యలో ఆకలి వేస్తుంది. ఊరు చూడబోయిన ఎవరికైనా వచ్చే ఆకలే అది. రాజుల పట్టాభిషేకాలు చెప్పే కావ్యాలు చాలా ఉన్నాయి. డబ్బిచ్చి అన్నం తినే చోటు ఎలా ఉండేదో చెప్పినవి ఎన్ని? వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ఈ వీథిని (వీథి అంటే ఇక్కడ ఒక రకం నాటకం) అందుకే నేను పదిలంగా చూసుకుంటాను. (శ్రీనాథుడిదే అనేవారూ ఉన్నారు, ఆ చర్చ వేరే పెట్టుకుందాం.)

*

చాలా బాగా చెప్పారు మాస్టారూ. ఒక చిన్న సందేహం. ‘పూటకూలి ఇల్లు’ అని కూడా రాస్తుంటారు, అది సరైనదేనా?

*

‘కూళ్ళు’ అనే రాయండి. తాడు తాళ్ళయినట్టు, గూడు గూళ్ళయినట్టు, కూడు కూళ్ళయింది. పూటకింత అని డబ్బు తీసుకుని కూడు పెట్టే ఇల్లు అది. కూలికి సంబంధం లేదు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ పేరు కూడా ఇదే కదా.