ఐ20 ఎన్ లైన్ కొనాలా, ఆల్ట్రోజ్ రేసర్ కొనాలా? రోజూ విజయవాడ – గుంటూరు తిరిగే వాడికి సలహా కావాలి

సింగ్‌నగర్ వాసి (ప్రశ్న, నవంబరు 2024)

అందరికీ నమస్కారం. సెప్టెంబరు ఒకటో తేదీన బుడమేరు మా కాలనీని ముంచెత్తినప్పుడు, ఇంటి ముందు నిలిపిన నా పాత కారు డ్యాష్‌బోర్డు దాకా నీళ్లలో ఉండిపోయింది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటుతుందని సర్వేయరు తేల్చడంతో బీమా కంపెనీ టోటల్ లాస్ (పూర్తి నష్టం) కింద పరిహారం ఇచ్చింది. ఆ డబ్బుకు దాచుకున్నది కొంత చేర్చి, మిగతాది అప్పు చేసి, సంక్రాంతి లోపల కొత్త కారు తెచ్చుకోవాలని అనుకుంటున్నాను.

నా ఉద్యోగం గుంటూరులో. రానూ పోనూ రోజుకు డెబ్బై కిలోమీటర్లు తిరుగుతాను. అందులో చాలా భాగం ఆరు వరసల జాతీయ రహదారి, మిగిలింది ఈ చివర బెంజి సర్కిల్ రద్దీ, ఆ చివర శంకర్ విలాస్ రద్దీ. నెలకు రెండుసార్లు నరసరావుపేట మీదుగా వినుకొండ వెళ్లి వస్తాము. ఇప్పటిదాకా మైలేజీ ఒక్కటే చూసి కార్లు కొన్నాను. నలభై రెండేళ్లు వచ్చాయి కాబట్టి, ఈసారైనా నడపడంలో కాస్త సరదా ఉన్న బండి తీసుకోవాలని కోరిక. ఎత్తు కార్లు నాకు నచ్చవు. హ్యాచ్‌బ్యాకే కావాలి, గేర్లు నేనే మార్చుకోవాలి.

వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగాను. ఒకటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో ఎన్8 అనే రకం, మాన్యువల్; రెండోది ఈ జూన్‌లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్‌లో ఆర్3 అనే రకం. కాగితం మీద చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. మొదటిది 998 సీసీ టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపి శక్తి పెంచే ఏర్పాటు), రెండోది 1199 సీసీ టర్బో. రెండింటికీ మూడు సిలిండర్లే, రెండూ 120 పీఎస్ శక్తినే ఇస్తాయి, టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, మొదటిదానికి 172, రెండోదానికి 170 న్యూటన్ మీటర్లు, గేర్లు రెండింటికీ ఆరు. రేసర్ ఆర్3 ఎక్స్-షోరూమ్ ధర 10.99 లక్షలు, ఎన్8 మాన్యువల్ అంతకు కొంచెం పైన ఉంది. పెట్రోలు ట్యాంకు కూడా రెండింటికీ 37 లీటర్లే కావడంతో ఏది ఎంచుకోవాలో తోచడం లేదు.

రెండు సంగతులు దృష్టిలో పెట్టుకొని చెప్పగలరు. మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. వారంలో రెండు మూడు రోజులు నా భార్య ఏలూరు రోడ్డులో నడుపుతుంది. ఇవి నిజంగా వేగం కోసం తయారైన కార్లేనా, లేక మామూలు కారుకు చారలు అంటించి అమ్ముతున్నారా అన్నది కూడా అనుభవం ఉన్నవారు చెబితే సంతోషిస్తాను.

బ్రాడీపేట థర్డ్‌గేర్

సింగ్‌నగర్ వాసి గారికి, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. నేను గత ఏడాది చివర్లో ఎన్ లైన్ మాన్యువల్ కొన్నాను కాబట్టి కొంత పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. ఎన్ లైన్ వేరు, ఎన్ వేరు. అసలైన ఐ20 ఎన్‌కు 1.6 లీటర్ల టర్బో ఇంజిన్, 204 పీఎస్ శక్తి ఉంటాయి, దాన్ని మన దేశంలో అమ్మలేదు. మనకు దొరికేది ఆ పేరు నీడలో వచ్చిన కారు. అయినా అది ఉత్త చారల వ్యవహారం మాత్రం కాదు. మామూలు ఐ20 కంటే సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, స్టీరింగ్ బరువు పెంచారు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఇచ్చారు. రేసర్‌లో వెనక డ్రమ్ములే ఉన్నాయి. రోజువారీ నడకలో ఈ తేడా పెద్దగా తెలియదు కానీ, కొండవీడు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఒకటికి నాలుగుసార్లు బ్రేకు తొక్కాల్సి వచ్చినప్పుడు కాలి కింద నమ్మకంగా ఉంటుంది.

శక్తి సమానమైనప్పుడు ఆ శక్తి ఎక్కడ మొదలవుతుందన్నది చూడాలి. ఎన్ లైన్‌కు పూర్తి టార్క్ 1500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది. రేసర్‌కు 1750 దగ్గర. చదివితే ఇది చిన్న తేడాలాగే కనిపిస్తుంది. మీరు చెప్పిన వినుకొండ దారిలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లి చూడండి. మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుకొచ్చే లారీలు ఒకదాని వెనక ఒకటి నలభై కిలోమీటర్ల వేగంతో కదులుతుంటాయి. డివైడర్ లేని చోట ఎదురుగా ఖాళీ దొరికేది ఏడెనిమిది సెకన్లు. ఆ క్షణంలో మీరు థర్డ్ గేర్‌లో ఉంటే, గేరు దించకుండానే బండి కదిలి వస్తుందా, లేక సెకండ్‌కు దించి ఇంజిన్‌ను అరిపించాలా అన్నదే అసలు పరీక్ష. వంద కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్న లెక్క మన దారులకు అంతగా పనికిరాదు. నేను రేసర్‌ను ఒక మిత్రుడి దగ్గర తీసుకొని రెండు గంటలు నడిపాను. రెండు వేలు దాటాక అది కూడా బలంగానే లాగుతుంది, పైగా దాని సైలెన్సర్ శబ్దం మా బండి కంటే గంభీరంగా ఉంది. కానీ ఆ రెండు వేలకు ముందు కాస్త ఆలోచించుకొని కదులుతున్నట్టు అనిపించింది.

మా బండిలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. గట్టి సస్పెన్షన్ వల్ల ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర నడుము గుర్తుకొస్తుంది. మా అమ్మ ఒకసారి తెనాలి దాకా వచ్చి, తిరుగు ప్రయాణానికి రైలు ఎక్కింది. మీ నాన్నగారి విషయం ఈ కోణంలో ఆలోచించండి.

ఆటోనగర్ పానా

థర్డ్‌గేర్ గారు నడిపేవారి వైపు నుంచి చక్కగా చెప్పారు. నేను ఇరవై ఏళ్లుగా ఆటోనగర్‌లో బానెట్ కింద తల పెట్టి బతుకుతున్నవాణ్ణి కాబట్టి, అక్కడి నుంచి కనిపించేది చెబుతాను.

రెండు ఇంజిన్లకూ మూడే సిలిండర్లు, రెండింటికీ టర్బో ఉన్నా, పెట్రోలు చల్లే పద్ధతి వేరు. హ్యుందాయ్ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్ లోపల పడుతుంది. టాటా ఇంజిన్‌లో, అంటే నెక్సాన్‌లో వాడే ఈ 1.2 రెవోట్రాన్‌లో, వాల్వుకు ముందు గాలి దారిలోనే పడుతుంది. మొదటి పద్ధతిలో పెట్రోలును కొలిచినట్టు వాడుకోవచ్చు, కింది ఆర్‌పీఎంలో స్పందన బాగుంటుంది. అయితే పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులను కడగదు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ వాటి మీద మసి పేరుకునే అవకాశం ఉంటుంది. రెండో పద్ధతిలో ఆ బెడద తక్కువ. మీరు రోజూ రహదారి మీద ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి నడుపుతారు కాబట్టి, వీధి చివరి కూరగాయల దుకాణం దాకా మాత్రమే కారు తీసేవారికి ఉండేంత భయం మీకు అక్కరలేదు. ఏది కొన్నా ఆయిల్ మాత్రం కంపెనీ చెప్పిన గ్రేడే పోయించండి, గడువు దాటనివ్వకండి. టర్బో ఆ ఆయిల్ మీదే బతుకుతుంది. కాజ టోల్ దాటి వేగంగా వచ్చి, ఇంటి ముందు ఆగీ ఆగగానే తాళం తీసేయకుండా అర నిమిషం ఊరికే తిరగనివ్వండి.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆల్ట్రోజ్ తలుపులు పూర్తిగా తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇది ఎంత మేలో, వారిని రోజూ ఎక్కించి దించేవారికే తెలుస్తుంది. ఇంకొకటి, ఆర్3లో ముందు సీట్లకు లోపలి నుంచి గాలి వచ్చే ఏర్పాటు ఉంది. ఎన్ లైన్‌లో లేదు. ఎండాకాలంలో, మధ్యాహ్నం రెండింటికి, ఎండలో నిలిపిన కారులో కూర్చొని చూసినవారు దీన్ని విలాసం అనరు. మీ భార్య ఇరుకు చోట నిలపాల్సి వస్తే రేసర్‌లోని 360 డిగ్రీల కెమెరా కూడా పనికొస్తుంది. డిక్కీ కూడా దానికే పెద్దది, ఐ20కి 311 లీటర్లు ఉంటే దీనికి 345. వెనక కాళ్లు చాపుకోవడానికి మాత్రం ఐ20 నయం, దాని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2580 మిల్లీమీటర్లు, ఆల్ట్రోజ్‌ది 2501.

మంగళగిరి బైపాస్

భార్య కూడా నడుపుతుందని అంటున్నారు కదా, ఎన్ లైన్‌లో ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే) ఆటోమేటిక్ ఎందుకు ఆలోచించరు? రేసర్‌లో ఆటోమేటిక్ అసలు లేదు. ఆ ఒక్క కారణంతోనే మీ సమస్య తీరిపోతుంది.

బ్రాడీపేట థర్డ్‌గేర్

బైపాస్ గారూ, ఆయన గేర్లు తానే మార్చుకుంటానని ప్రశ్నలోనే రాశారు. అదీగాక ఆ డీసీటీలో ఉన్నవి డ్రై క్లచ్‌లు. వాటిని చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు. రద్దీలో అంగుళం అంగుళం జరుపుతూ పోతే వేడెక్కుతాయి. ముందు బండికి నాలుగైదు అడుగులు జాగా వచ్చేదాకా బ్రేకు మీదే ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా కదలడం అలవాటు చేసుకోవాలి. బెంజి సర్కిల్ కింద ఆ జాగా వదిలితే అందులో రెండు ఆటోలు, మూడు స్కూటర్లు దూరతాయన్నది వేరే విషయం. ధర కూడా పన్నెండు లక్షలు దాటిపోతుంది.

కృష్ణలంక కరకట్ట

భద్రత గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రెండు మాటలు. కార్లను గుద్ది చూసి నక్షత్రాలు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో పెద్దల భద్రతకు ఆల్ట్రోజ్‌కు 2020లో అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఐ20కి 2022లో మూడు వచ్చాయి. ఢీకొన్నప్పుడు ఆల్ట్రోజ్ బాడీ నిలకడగా ఉందని, ఐ20ది నిలకడగా లేదని ఆ నివేదికలు తేల్చాయి. న్యాయంగా చెప్పాలంటే, అప్పుడు గుద్ది చూసినవి రెండు ఎయిర్‌బ్యాగుల మామూలు మోడళ్లు. ఇప్పుడు మీరు చూస్తున్న రెండింటిలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు పెంచినంత మాత్రాన బాడీ గట్టిపడదు కదా. రోజూ డెబ్బై కిలోమీటర్లు లారీల పక్కన నడిపే మనిషికి నేనైతే థర్డ్ గేర్ లాగుడు కంటే ముందు ఇదే చూడమంటాను.

సింగ్‌నగర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారంలో రెండు కార్లనూ ఒకే రోజు, దాదాపు ఒకే దారిలో నడిపి చూశాను. నాన్నగారినీ నా భార్యనూ కూడా వెంట తీసుకెళ్లాను. మొదటి షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్ అంటే రెండు కిలోమీటర్లు తిప్పి తాళం లాక్కోవడమే అనుకున్నట్టున్నారు. పట్టుబట్టి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి దిగేదాకా వదల్లేదు.

థర్డ్‌గేర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. థర్డ్ గేర్‌లో నలభై నుంచి ఎనభైకి వెళ్లడంలో ఎన్ లైన్ నాకు ఎక్కువ నచ్చింది. స్టీరింగ్ బరువు కూడా చేతికి హాయిగా ఉంది. నేనొక్కణ్ణే నడిపే కారు అయితే అక్కడికక్కడే బుక్ చేసేవాణ్ణి. నాన్నగారు మాత్రం ఎన్ లైన్‌లో కూర్చోవడానికి ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకున్నారు. రేసర్‌లో ఎవరి సాయమూ లేకుండా కూర్చొని, సీటులోంచి గాలి వస్తుంటే “ఇదేమిట్రా” అని ఆశ్చర్యపోయారు. నా భార్యకు క్లచ్ రెండింటిలోనూ ఇబ్బంది అనిపించలేదు, కెమెరా మాత్రం బాగా నచ్చింది. కరకట్ట గారు రాసింది చదివాక ఇంట్లో ఇక చర్చ జరగలేదు. ఆర్3కే అడ్వాన్సు కట్టాను. నారింజ రంగు, నల్ల బానెట్ మీద తెల్ల చారలు చూసి ఈ వయసులో ఇదేం వేషమని నాన్నగారు అడిగారు కానీ, తెలుపు రంగు తీసుకున్నా ఆ నల్ల బానెట్, చారలు తప్పవని షోరూమ్‌ వారు చెప్పాక ఊరుకున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. బీమాలో ఏమేమి అదనంగా చేర్చుకోవాలి? షోరూమ్‌వారు ఇచ్చిన జాబితా బారెడు పొడవుంది.

ఆటోనగర్ పానా

శుభం. ఆ జాబితాలో మూడు మాత్రం వదలకండి. మొదటిది ఇంజిన్ ప్రొటెక్షన్: కారు వరదలో మునిగితే మామూలు సమగ్ర బీమా వర్తిస్తుంది కానీ, నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసినందువల్ల లోపల కనెక్టింగ్ రాడ్లు వంగితే ఇది లేకుండా సాధారణంగా పైసా రాదు. సెప్టెంబరులో మా షెడ్డుకు వచ్చిన కార్లలో కొన్ని అలా పోయినవే. నీళ్లు తగ్గాయి కదా అని యజమానే తాళం తిప్పాడు. రెండోది రిటర్న్ టు ఇన్వాయిస్, అంటే టోటల్ లాస్ అయితే కొన్న ధర ఇచ్చేది: ఐడీవీ మొదటి ఏడాది ముగిసేసరికి 15 శాతం, రెండో ఏటికి 20 శాతం తగ్గుతుంది, ఇది లేకపోతే టోటల్ లాస్‌లో మీ చేతికి వచ్చేది ఆ తగ్గిన మొత్తమే, ఆ నష్టం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మూడోది జీరో డెప్రిసియేషన్, అంటే మార్చిన విడిభాగాల ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చేది. మిగతావి మీ ఇష్టం. పాలసీ కూడా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు కాబట్టి బయట రెండు చోట్ల ధర కనుక్కోండి.

బండి వచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు, అంటే మీ లెక్కన పదిహేను రోజులు, ఇంజిన్‌ను మరీ పైకి తిప్పకండి. అలాగని రహదారి మీద ఒకే వేగంతో కూడా పోకండి, అరవై నుంచి తొంభై మధ్య మారుస్తూ ఉండండి.

బ్రాడీపేట థర్డ్‌గేర్

అభినందనలు. ఆ వెయ్యి కిలోమీటర్లు అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే కొండవీడు రండి. మీ రేసర్ నేను దించుతాను, నా ఎన్ లైన్ మీరు దించండి. వెనక డ్రమ్ముల మాట అప్పుడు తేల్చుకుందాం.