ఆవిష్కరణకు 25 రోజులే ఉంది, ప్రూఫుల్లో మా ఊరి మాటలన్నీ మారిపోయాయి, ఏం చెయ్యను?

ఏటిఒడ్డు:
మాది పర్లాకిమిడి. నా రెండో నవలను ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఇక్కడే ఆవిష్కరించాలని హాలు మాట్లాడేశాం, పిలుపులు కూడా వెళ్లిపోయాయి. అచ్చు విజయవాడలో. నిన్న రాత్రి ఆఖరి ప్రూఫు పీడీఎఫ్ వచ్చింది, అది చూశాక నిద్ర పట్టలేదు. ప్రూఫు చూసినాయన పాత్రల మాటలన్నీ పుస్తక భాషలోకి దిద్దేశారు. "బేగి రావే గుంటా" అనాల్సిన ముసలమ్మ "త్వరగా రా పిల్లా" అంటోంది. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. మావాళ్లు ఏమిటి అనడానికి "ఏటి" అంటారు కదా, అది తప్పనుకుని ఫైలంతా ఒకేసారి మార్చేసినట్టున్నారు, మహేంద్రతనయ నది దగ్గర జరిగే అధ్యాయంలో "ఏటి ఒడ్డున" ఉన్న ప్రతిచోటా "ఏమిటి ఒడ్డున" అని పడింది! "ఏటికేడు" కాస్తా "ఏమిటికేడు" అయింది.

ఆరేళ్లు రాశాను. ఆ ముసలమ్మ నోట్లోవి మా అమ్మమ్మ మాటలే. శనివారంలోపు సరే అనకపోతే మా పుస్తకం వరసలో వెనక్కి పోతుందని ప్రెస్సువాళ్లు అంటున్నారు. ఒడ్డు, ఏడు సరిచేసి మిగతావి వదిలెయ్, వెనక అర్థాల పట్టిక పెట్టు అని ఒక ఫ్రెండు సలహా. తేదీ కోసం ఒప్పుకోమంటారా?

పాత డీటీపీ:
అక్కా, ఇరవై ఏళ్లు ఈ పనే చేశాను. ముందు మీరు అడగాల్సింది దిద్దుబాట్లకు ముందరి ఫైలు ఉందా అని. చాలామంది ప్రతి ప్రూఫునూ వేరే పేరుతో దాస్తారు. అది దొరికితే అసలైన అచ్చుతప్పులు మాత్రం మళ్లీ ఎక్కించడం రెండు మూడు రోజుల పని. దొరక్కపోతే "ఏమిటి"ని మళ్లీ ఒక్క దెబ్బలో "ఏటి" చెయ్యమని మాత్రం అడక్కండి, మీ కథనంలో నిజంగా "ఏమిటి" ఉన్నచోట్లు కూడా పోతాయి. యూనికోడ్‌లో టైపు చేసిచ్చి ఉంటే, ప్రెస్సుల్లో వాడే అనూ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి, అవీ చూసుకోండి. డెమీ సైజు పుస్తకంలో ఫారానికి, అంటే అచ్చుకెళ్లే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీలు, 272 పేజీలంటే సరిగ్గా 17 ఫారాలు, ఒక్క పేజీ పొంగినా లెక్క చెడుతుంది, వెన్ను మందం మారితే కవరూ మార్చాలి. మీవి పొట్టి మాటలు కాబట్టి పొంగకపోవచ్చు, కానీ పంక్తులు జరుగుతాయి, విషయసూచికలో పేజీ నంబర్లు తప్పకుండా సరిచూడండి. వాట్సాప్‌లో ముక్కముక్కలుగా చెప్పొద్దు. ప్రింటు తీసి, మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో దిద్ది, మొత్తం స్కాన్ ఒకేసారి పంపండి.

గుణుపురం మాస్టారు:
అమ్మా, తేదీ జరిగితే జరగనీ, మాట మార్చొద్దు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే. అక్కడే ఉండి కొండల్లోని గిరిజనుల సవర భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు, జనం నోట ఉన్న తెలుగునే రాయాలని పండితులతో ఏళ్ల తరబడి పోరాడారు. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్లినా ఆ మాట ఇంకా మన ఇళ్లల్లో బతికే ఉంది. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు. ఆ రోజున, ఆ ఊళ్లో, ముసలమ్మ చేత "త్వరగా" అనిపిస్తారా? అర్థాల పట్టిక కూడా అక్కర్లేదు, "గుంట" అంటే ఎవరో ఆ పేజీయే చెబుతుంది.

బరంపురం అమ్మాయి:
నేను ఒడియా మీడియంలో చదివానక్కా, తెలుగు కూడబలుక్కుని చదువుతాను, మా చెల్లికి అదీ రాదు. కానీ "బేగి రావే" అని ఎవరైనా అంటే చాలు, ఇద్దరికీ నాయనమ్మ గుర్తొస్తుంది. సభలో వక్తల్ని తగ్గించి ఒక అధ్యాయం పైకి చదవండి, మాలాంటివాళ్లం దానికోసమే వస్తాం. పార్సిల్‌ని నమ్ముకోకుండా ఓ యాభై కాపీలు ఎవరిచేతైనా రైల్లో పలాస దాకా తెప్పించుకోండి, పుస్తకం లేని సభ అయిపోకుండా.

ఏటిఒడ్డు:
పాత ఫైలు దొరికింది! శనివారంలోగా ఇస్తామని ప్రెస్సుకి చెప్పాను, పట్టిక పెట్టట్లేదు. వక్తలు ఐదుగురి నుంచి ఇద్దరయ్యారు. చదవడానికి ఏటి ఒడ్డు అధ్యాయమే తీసుకుని నిన్న సాయంత్రం అమ్మకి వినిపించాను. సగంలో ఆపి, "అమ్మమ్మ 'బేగి రావే' అనేది కాదే, 'బేగొచ్చీ' అనేది" అంది. ఆ పేజీలో ఎర్ర పెన్నుతో అదొక్కటి మార్చాను.